పాత గని దిగువన నారింజ రంగు వాగు, బాబు గంటసేపు ఆడాడు. చాలా టెన్షన్‌గా ఉంది

డెన్వర్_కిరణ్

లాంగ్ వీకెండ్‌కి ఇక్కడి కొలరాడో కొండల్లో యూరే నుంచి సిల్వర్టన్ దాకా మిలియన్ డాలర్ హైవే మీద వెళ్ళొచ్చాం. అత్తగారు, మామగారు ఇండియా నుంచి వచ్చి నెలైంది, వాళ్ళకి కొండలు చూపిద్దామని. రెడ్ మౌంటెన్ పాస్ (కొండ మీది కనుమ దారి) ఇవతల రోడ్డు పక్కనే ఒక వాగుంది, అచ్చం బకెట్లో రస్నా కలిపినట్టుంది. రాళ్ళు కూడా అదే రంగు. కారు ఆపి ఫోటోలు తీసుకున్నాం. మావాడికి నాలుగేళ్ళు. "ఆరెంజ్ రివర్" అంటూ దిగిపోయాడు. గంటసేపు ఆ బురదతో ఇళ్ళు కట్టాడు. చేతులు, ప్యాంటు, చెవుల్లో కూడా బురదే. మేము కూడా నవ్వుకుంటూ వీడియో తీశాం, ఇప్పుడు తల్చుకుంటే సిగ్గుగా ఉంది.

రాత్రి మోటెల్‌లో వెతికితే తెలిసింది, పైనున్న పాత గనుల్లోంచి కారే నీళ్ళు కూడా అందులో కలుస్తాయట. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ అని రాశారు. మా ఆవిడకి అప్పట్నుంచి నిద్ర లేదు. వాడు బొటనవేలు నోట్లో పెట్టుకునే రకం. పీడియాట్రీషియన్ అపాయింట్‌మెంట్ గురువారం. అప్పటిదాకా ఏం చేయాలి? గంటసేపు ఆడితే నిజంగా ఏమైనా అవుతుందా?

ఫిల్టర్_కాఫీ

ముందు ఆ బట్టలు విడిగా ఉతికారా లేదా?

డెన్వర్_కిరణ్

అన్నీ కలిపే వేసేశాం. ఇప్పుడు తెల్ల టవల్స్ అన్నీ కాషాయం.

ఫిల్టర్_కాఫీ

సన్యాసం ఒక్కటే తక్కువ. సారీ, టైమ్ కాదు. బూట్లు మాత్రం ఇంట్లోకి తేకండి.

నీళ్ళ_శీను

ఇదే రాష్ట్రంలో నీటిశుద్ధి ప్లాంట్ల డిజైన్ నా పని, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

మిమ్మల్ని భయపెట్టిన రంగు ఇనుముది. ఇనప మూకుడు తడిగా వదిలేస్తే తెల్లారేసరికి పట్టే తుప్పు ఉంటుందే, అదే. అది ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ఈ కొండల్లో పైరైట్ అని ఇనుము, గంధకం కలిసిన రాయి ఉంటుంది. బంగారంలా మెరుస్తుంది. కొండ కడుపులో ఉన్నంతకాలం దానివల్ల పెద్ద గొడవ లేదు. గని తవ్వితే దానికి గాలి, నీళ్ళు తగుల్తాయి. గంధకామ్లం పుడుతుంది. కొన్ని బాక్టీరియాలకి ఇదే భోజనం, అవి చేరాయంటే ఆ పని ఎన్నో రెట్లు వేగంగా సాగుతుంది. చింతపండుతో ఇత్తడి చెంబు తోమితే చిలుము కరిగి నీళ్ళలోకి పోతుంది కదా, ఈ ఆమ్లం కొండ లోపల చేసేదీ అదే. సీసం, జింకు, కాడ్మియం, రాగి, ఏది దొరికితే దాన్ని కరిగించుకుని సొరంగం నోట్లోంచి బయటికొస్తుంది. కంపెనీ వాడు తాళం వేసి వెళ్ళిపోయినా ఆగదు. పైగా పంపులు ఆపేశాక లోపల నీళ్ళు నిండి, ఎక్కడ దారి దొరికితే అక్కణ్ణుంచి పొర్లుతాయి.

బయట మామూలు నీళ్ళు కలిసి ఆమ్లం పలచబడగానే ఇనుము తుప్పుగా అడుక్కి దిగుతుంది. మీవాడు ఇళ్ళు కట్టింది దాంతోనే. సీసం, ఆర్సెనిక్ కొంతవరకు ఆ తుప్పుని పట్టుకుని దిగుతాయి. జింకు, కాడ్మియం, మాంగనీస్ అంత తేలిగ్గా దిగవు. అవి నీళ్ళలోనే కరిగి, ఏ రంగూ లేకుండా కిందికి పోతాయి. అందుకని బురద కడుపులోకి పోకుండా చూసుకోవాలి. నీళ్ళ సంగతి వేరు, తేటగా ఉన్నాయి కదా అని నమ్మకూడదు.

బాబు ఆ నీళ్ళు తాగాడా?

డెన్వర్_కిరణ్

తాగలేదు. వాడి సిప్పర్ వాడికుంది. బురద చేతులతో చిప్స్ మాత్రం తిన్నాడు.

పిల్లల_డాక్టరమ్మ

బాబుని చూడకుండా చెప్పేది సలహా వరకే, సరేనా. చర్మం గుండా ఈ లోహాలు లోపలికి పోయేది చాలా తక్కువ. స్నానం చేయించారు, గోళ్ళు కత్తిరించండి, ఆ పని అయిపోతుంది. అసలు దారి నోరు. ఆ చిప్స్ గురించే అడగాలనుకున్నాను. చిన్నపిల్లల పేగులు సీసాన్ని పెద్దవాళ్ళకంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటాయి. ఒంట్లో ఇనుము, కాల్షియం తక్కువున్న పిల్లలకి ఇంకా ఎక్కువ.

గురువారం బ్లడ్ లెడ్, అంటే రక్తంలో సీసం ఎంతుందో చూసే పరీక్ష అడగండి. వేలు గుచ్చి తీస్తామంటే ముందు ఆ వేలు సబ్బుతో బాగా కడిగించండి. చర్మం మీద సీసం ఉంటే అది రక్తం చుక్కలో కలిసి లేనిపోని అంకె చూపిస్తుంది, మీరు ఇంకో వారం ఏడుస్తారు. ఎక్కువొస్తే నరంలోంచి తీసి మళ్ళీ చూస్తారు. అమెరికాలో ఇప్పుడు 3.5 మైక్రోగ్రాములు (డెసిలీటరుకి) దాటితే గమనించాల్సిన కేసు అంటారు. ఇంతవరకు ఫరవాలేదు అనే గీత మాత్రం సీసానికి లేదు, డబ్ల్యూహెచ్ఓ మాట కూడా అదే. మందిచ్చి సీసాన్ని బయటికి లాగే వైద్యం మామూలుగా 45 దాటాకే. ఒక పూట ఆటతో అక్కడిదాకా పోవడం నేను ఊహించలేను. నిద్రపోండి.

మాటకారి_మల్లన్న

అందరూ కలిసి భయపెట్టేస్తున్నారు గానీ, ఆ కొండ పేరే రెడ్ మౌంటెన్. గని తవ్వకముందు నుంచీ ఎర్రగానే ఉంది కాబట్టే ఆ పేరు. అక్కడ కొన్ని వాగుల్లో చేపలు ఏనాడూ లేవు. ప్రకృతి చేసినదాన్ని గని మీద రుద్దితే ఎలా? మా తాత చెరువు నీళ్ళు చేత్తో పాచి నెట్టి తాగాడు, తొంభై దాకా బతికాడు.

ఫిల్టర్_కాఫీ

ఈ తాత ప్రతి థ్రెడ్డుకీ వస్తాడు. పోయినసారి ఆవకాయ, బీపీ థ్రెడ్డులో తొంభై రెండు దాకా బతికాడు.

నీళ్ళ_శీను

మల్లన్న గారిది సగం నిజం, ఒప్పుకుంటా. అక్కడి రాళ్ళు వాటంతటవే ఆమ్లం కారుస్తాయి, కొన్ని వాగులు గనులకి ముందే చచ్చినవి. మిగతా సగం చెప్తా. కొండ సొంతంగా కార్చేది పైపైన, పగుళ్ళలోంచి. గని అంటే కొండలోపల మైళ్ళ కొద్దీ సొరంగాలు, అన్ని గోడలకీ గాలి. అలమారలో ఉన్న చక్కెర డబ్బా మూత తీసి వానలో పెట్టినట్టు.

2015 ఆగస్టు 5న ఏమైందో అప్పటికే ఇక్కడున్నవాళ్ళకి గుర్తుంటుంది. సిల్వర్టన్ పైన గోల్డ్ కింగ్ గని. నోరు పూడిపోయి లోపల నీళ్ళు నిండున్నాయి. ఎంత నిండాయో చూద్దామని ఈపీఏ (అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ) తరఫు మనుషులే తవ్వుతుంటే మట్టికట్ట తెగింది. 30 లక్షల గ్యాలన్లు, అంటే కోటి లీటర్ల పైనే, సిమెంట్ క్రీక్‌లోంచి యానిమాస్ నదిలోకి. డురాంగో ఊరి మధ్య నది పసుపు ముద్దలా పోయింది. అక్కణ్ణుంచి న్యూ మెక్సికో, యూటా. షిప్‌రాక్ దగ్గర నవాహో తెగ రైతులు కాలువ మూసేసుకున్నారు, చేలో మొక్కజొన్న ఎండిపోతున్నా ఆ నీళ్ళు పెట్టలేదు. మరుసటి ఏడాది ఆ చుట్టుపక్కల 48 చోట్లని కలిపి సూపర్‌ఫండ్ జాబితాలో పెట్టారు, అంటే ప్రభుత్వం శుభ్రం చేయించాల్సిన కలుషిత స్థలాల పట్టీలో.

టీవీల్లో ఆ ఒక్కరోజే వచ్చింది. ఆ చుట్టుపక్కల పాత గనులన్నీ కలిపి మామూలు రోజుల్లో వదిలేది కూడా ఇంచుమించు ఆ లెక్కలోనే ఉంటుంది. అది ఎవరూ ఫోటో తీయరు.

రాయి_రప్ప

ఇందులో తమాషా ఏంటంటే, 1996 తర్వాత ఆ పక్కనున్న సన్నీసైడ్ గనికి నీళ్ళు బయటికి తెచ్చే అమెరికన్ టనెల్‌ని కాంక్రీటు బిరడాలతో మూసేశారు. ఇక్కడ కారడం ఆగింది, సంబరపడ్డారు. తర్వాత కొండలో నీటిమట్టం లేచి, అప్పటిదాకా పెద్దగా కారని గోల్డ్ కింగ్ లాంటివి కారడం మొదలెట్టాయి. రెండిటికీ సంబంధం ఎంత అని కోర్టుల్లో ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు. ట్యూబుకి ఒకచోట ప్యాచ్ వేస్తే ఇంకోచోట బుస్సుమన్నట్టు.

మాటకారి_మల్లన్న

చూశారా, ఈపీఏ వాళ్ళే చేశారు. ప్రభుత్వం వేలు పెట్టకపోతే బాగుండేది. ఇక్కడ కూడా అంతే కదా, ఏ ప్రభుత్వం వచ్చినా

మోడరేటర్

మల్లన్న గారూ, వాక్యం అక్కడే ఆపినందుకు థాంక్స్. రాజకీయాలకి వేరే విభాగం ఉంది.

కోలారు_కోడలు

పుట్టిల్లు కుప్పం, అత్తారిల్లు కోలార్ గోల్డ్ ఫీల్డ్స్. మా దగ్గర వాగు కాదు, గాలి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. వందేళ్ళకి పైగా బంగారం తీశాక మిగిలిన పిండి గుట్టలుగా ఊరి మధ్యే ఉంది, మూడు కోట్ల టన్నుల పైమాటే. సయనైడ్ గుట్టలు అంటారు. ఎండాకాలం సాయంత్రం గాలి లేచిందంటే తలుపులు వేసుకోవాల్సిందే. ఉతికి ఆరేసిన బట్టలు విదిలిస్తే బూడిదలా రాలుతుంది. మా మామగారు వానొస్తే గుట్టల వంక చూసి, "అదిగో, మళ్ళీ పిండి కొట్టుకుపోతోంది" అంటారు. వానకి గుట్ట చారలు చారలుగా కోసుకుపోయి, ఆ బూడిదరంగు నీళ్ళు కాలవల్లోకి పోతాయి.

శీను గారిని ఒకటి అడగాలి. సయనైడ్ ఇన్నేళ్ళూ ఉంటుందా?

నీళ్ళ_శీను

చాలామటుకు ఉండదమ్మా. ఎండకి, గాలికి విరిగిపోతుంది. పేరు భయంకరంగా ఉంటుంది గానీ అది పోయేరకం. లోహాలు విరిగేవి కావు, ఎన్నేళ్ళైనా అక్కడే ఉంటాయి. ఇంకా మీరు చెప్పే ఆ మెత్తటి పొడిలో రాతిపిండి ఉంటుంది, అది ఏళ్ళతరబడి పీలిస్తే ఊపిరితిత్తులకి దెబ్బ. గాలిరోజున తలుపులు వేసుకోవడం మంచి పనే, చీపురు బదులు తడిగుడ్డ వాడండి.

జోబర్గ్_బాబాయ్

జోహన్నెస్‌బర్గ్‌లో ఉంటా. ఇక్కడ ఊరి చుట్టూ పసుప్పచ్చ గుట్టలు, విమానం దిగేటప్పుడు కనిపిస్తాయి. 2002లో పడమటి వైపు క్రూగర్స్‌డార్ప్, రాండ్‌ఫాంటీన్ దగ్గర పాత గనుల నీళ్ళు నిండి పైకి పొర్లాయి. బంగారంతో పాటు యురేనియం ఉన్న రాయి కాబట్టి అదీ కలిసే వస్తుంది. గుట్టల అంచుల్లో రేకుల గుడిసెలు వేసుకుని బీదవాళ్ళు ఉంటారు, వాళ్ళ పిల్లలకి అదే ఆటస్థలం. కిరణ్ గారి బాబుది ఒక గంట, వీళ్ళది రోజూ.

పల్నాటి_పిల్లోడు

ఇన్నాళ్ళూ చదివి వెళ్ళిపోయేవాణ్ణి, ఈ థ్రెడ్ చూసి లాగిన్ అయ్యా. మాది పల్నాడు, మా చుట్టుపక్కల మూతబడిన సీసం గని ఉంది. ఊరి పేరు వద్దులెండి, పెళ్ళికావాల్సినవాళ్ళం. చిన్నప్పుడు గని దగ్గర తెల్లటి మెత్తటి ఇసక గుట్ట ఉండేది. గోతాం పట్టా మీద కూచుని పైనుంచి కిందికి జారేవాళ్ళం. ఇంటికొచ్చేసరికి కనుబొమ్మలు కూడా తెల్లగా ఉండేవి. ఇంకో సంగతి, ఆ ఇసక తట్టల్తో తెచ్చి గిన్నెలు తోముకునేవాళ్ళు. అమ్మ ఇప్పటికీ అంటుంది, విమ్ బార్ దానిముందు దిగదుడుపు అని. మాకు ఎర్ర వాగు అదీ ఎప్పుడూ లేదు, నీళ్ళు తేటగానే ఉంటాయి. అంటే మాకు సమస్య లేనట్టా?

రాయి_రప్ప

అగ్నిగుండాల, బండ్లమోట్టు వైపు ఖనిజం డోలమైట్ రాతిలో ఉంటుంది. డోలమైట్ అంటే సున్నపురాయికి దాయాది. ఆమ్లం పుట్టినా అక్కడికక్కడే దాన్ని చంపేస్తుంది. మన చుట్టాల్లో ఒకాయన ఉంటాడే, ఎక్కడ గొడవ మొదలైనా మధ్యలో కూచుని చల్లారుస్తాడు, అలాగ. అందుకే మీకు ఎర్రనీళ్ళు కనపడవు. ఆమ్లం లేకపోతే సీసం నీళ్ళలో పెద్దగా కరగదు.

నీళ్ళ_శీను

రాయి_రప్ప గారు చెప్పింది సరే గానీ, పల్నాటి తమ్ముడూ, నీ విషయంలో నాకు భయం నీళ్ళ గురించి కాదు. ఆ తెల్ల ఇసక గురించి. ఖనిజం తీసేశాక మిగిలిన పిండి అది, ఎంత తీసినా కొంత సీసం అందులో మిగిలే ఉంటుంది. గిన్నెలకి, గోడ ప్లాస్టరింగుకి, వాకిట్లో పోయడానికి వాడితే ఇంట్లోకి తెచ్చుకున్నట్టే. జాంబియాలో కాబ్వే అనే ఊళ్ళో సీసం గని 1994లో మూసేశారు. ఈరోజుకీ అక్కడి పిల్లల రక్తంలో సీసం దండిగా ఉంది. అంతా మట్టి, దుమ్ము. మీ ఇంట్లో పాకే పిల్లలున్నారా?

పల్నాటి_పిల్లోడు

అక్క పాపకి పదకొండు నెలలు. అన్నా, గుండె జారింది. వాకిలి ముందు పోసిన ఇసక అదే.

పిల్లల_డాక్టరమ్మ

కంగారు పడి హైదరాబాద్ బస్సెక్కకు. గుంటూరులోనే ఏదైనా పెద్ద ల్యాబ్‌లో బ్లడ్ లెడ్ అని అడిగితే శాంపిల్ పంపించి చేయిస్తారు. పాప పాకే చోట తడిగుడ్డ పెట్టించు, అన్నం తినిపించే ముందు చేతులు కడగమను. పాలు, గుడ్డు, ఆకుకూర మానొద్దు, ఒంట్లో ఇనుము తగినంత ఉంటే సీసం అంత తేలిగ్గా ఎక్కదు. వాకిట్లో ఇసక మీద మంచి మట్టి మందంగా వేయించి నీళ్ళు కొట్టండి, గీకి గాల్లోకి లేపకండి.

మీటర్_మూర్తి

అనవసరంగా ల్యాబులు ఎందుకండీ. టీడీఎస్ మీటర్ (నీళ్ళలో కరిగినవన్నీ కలిపి ఎంతో చూపించేది) ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. నేను ఎక్కడికెళ్ళినా జేబులో పెట్టుకెళ్తా. చుట్టాలింట్లో మంచినీళ్ళిచ్చినా ముంచి చూస్తా. 150 లోపు ఉంటే అమృతం.

ఫిల్టర్_కాఫీ

చుట్టాలు ఇంకా పిలుస్తున్నారా?

నీళ్ళ_శీను

మూర్తి గారూ, తాగేనీళ్ళలో సీసానికి మన బీఐఎస్ (ఇండియా ప్రమాణాల సంస్థ) హద్దు లీటరుకి 0.01 మిల్లీగ్రాము. మీ మీటరు మిల్లీగ్రాముల్లో, అదీ అన్నీ కలిపి చూపిస్తుంది. లారీ తూచే కాటా మీద ఆవగింజ తూచినట్టు. 150 చూపించే నీళ్ళలో హద్దుకి పదిరెట్లు సీసం ఉన్నా ముల్లు కదలదు.

ఎలాగూ అడుగుతారు కాబట్టి ఇది కూడా చెప్తున్నా. కాచి చల్లార్చితే క్రిములు చస్తాయి, లోహాలు చావవు. ఆవిరి పోయిన మేరకి ఇంకా చిక్కబడతాయి. యూవీ ఫిల్టరుకి కూడా వీటితో పని లేదు. ఆర్వో అయితే సీసం, కాడ్మియం చాలావరకు ఆపుతుంది, ఆర్సెనిక్‌లో ఒక రకం మాత్రం కొంచెం జారిపోతుంది.

డెన్వర్_కిరణ్

ఇంకో బాంబు. మా అత్తగారు మేం మాట్లాడుకోవడం విని ఇప్పుడు మెల్లగా చెప్పారు. బాబు ఆడుతున్నప్పుడు ఆవిడ కొంచెం పైకి నడిచారట. అక్కడ కూలిపోయిన చెక్క షెడ్డు, దాని వెనక కొండలోంచి తుప్పు గొట్టం, దాన్లోంచి "స్ఫటికంలాంటి నీళ్ళు". కొండ ఊట, మూలికల మీదుగా వచ్చిన నీళ్ళు, పాపనాశనంలో ఉన్నట్టున్నాయి అని సగం సీసా అక్కడే తాగేశారు. మళ్ళీ నింపుకుని ఇంటికి తెచ్చి దేవుడి దగ్గర పెట్టారు. ఆ రాత్రి సిల్వర్టన్‌లో ఆవిడకి వాంతులయ్యాయి. మేం కూలర్‌లో పెట్టిన పులిహోర పాడైందనుకున్నాం!

నీళ్ళ_శీను

ఇదిగో, ఇందాక నేను భయపడింది దీనికే. కూలిన షెడ్డు, కొండలోంచి గొట్టం అంటే అది పాత గని నోరు అయ్యుండొచ్చు. నారింజ రంగు చూసి ఎవరూ దోసిలి పట్టరు. తేటగా ఉంటేనే తాగుతారు.

ఆ సీసా పారబోయకండి! మెటల్స్ టెస్ట్ చేసే ల్యాబుకి ఇవ్వండి. మామూలు ప్లాస్టిక్ సీసాలో రోజుల తరబడి ఉంది కాబట్టి కొంత లోహం గోడలకి అంటుకుని అంకె తక్కువ చూపించొచ్చు, అది ముందే చెప్పండి. ల్యాబువాళ్ళు ఇచ్చే సీసాలో ఆమ్లం చుక్కలు వేసుంటాయి, అందుకే.

మాటకారి_మల్లన్న

పులిహోర మీద నింద తప్పు. చింతపండు, నూనె, పసుపు ఉన్న పులిహోర రెండ్రోజులైనా చెక్కుచెదరదు.

ఫిల్టర్_కాఫీ

మొదటిసారి మల్లన్న గారితో ఏకీభవిస్తున్నా.

పిల్లల_డాక్టరమ్మ

అత్తగారి వయసెంత? బీపీ, షుగర్, కిడ్నీ సమస్య ఏమైనా ఉన్నాయా? వాంతులు ఒక్క రాత్రితో తగ్గాయా? కొండ నీళ్ళలో ఉండే జియార్డియా అనే క్రిమి అయితే అదే రాత్రి రాదు, వారం పైన పడుతుంది. రాబోయే రెండు వారాలు విరేచనాలు చూసుకోండి. రాగి, జింకు బాగా ఎక్కువుంటే గంటల్లో వాంతులవుతాయి. ఇంకో అనుమానం కూడా ఉంది. సిల్వర్టన్ ఎంత ఎత్తు?

డెన్వర్_కిరణ్

9,300 అడుగులు. పాస్ 11,000. ఆవిడకి 63, బీపీ ఒక్కటే. పొద్దున్నకల్లా మామూలైపోయారు, కిందికి దిగాక తలనొప్పి కూడా పోయింది.

పిల్లల_డాక్టరమ్మ

తలనొప్పి కూడానా! ముందే చెప్పొద్దూ. అయితే నా ఓటు ఎత్తుకి, అంటే ఎత్తైన చోట గాలి పలచబడి వచ్చే తలనొప్పి, వాంతులకి. ల్యాబ్ రిపోర్ట్ రానీయండి.

డెన్వర్_కిరణ్

(పన్నెండు రోజుల తర్వాత) అప్‌డేట్. బాబు బ్లడ్ లెడ్ 1.1. డాక్టరమ్మ గారు చెప్పినట్టు ముందే చేతులు రుద్ది రుద్ది కడిగించాం, నర్సు నవ్వింది. మూడు నెలల తర్వాత ఇంకోసారి చూద్దామన్నారు.

సీసా రిపోర్ట్ కూడా వచ్చింది. సీసం హద్దులోపే. ఇనుము దాదాపు లేదు, అందుకే అంత తేటగా ఉంది కాబోలు. జింకు లీటరుకి 6 మిల్లీగ్రాములు. కాడ్మియం 18 మైక్రోగ్రాములు, ఇక్కడి హద్దు 5. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

పిల్లల_డాక్టరమ్మ

ఆ జింకుకి వాంతులు రావు, అంతకి ఎన్నో రెట్లుండాలి. కాబట్టి పులిహోర నిర్దోషి, గొట్టం నీళ్ళు కూడా ఆ ఒక్క కేసులో నిర్దోషి. ఎత్తే అయ్యుంటుంది. కాడ్మియం సంగతి, అర లీటరు తాగారనుకుంటే 9 మైక్రోగ్రాములు. మామూలు తిండిలోంచి రోజూ మనకి పోయేది కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఒక్కసారికి ఏమీ కాదు, ఆవిడకి చెప్పండి.

రోజూ అయితే నేను ఇలా మాట్లాడను. కాడ్మియం కిడ్నీలో చేరితే సగం పోవడానికే పది నుంచి ముప్పై ఏళ్ళు పడుతుంది. జపాన్‌లో తొయామా దగ్గర జింజు నది, పైన కమియోకా గని. ఆ నీళ్ళు వరిచేలకి పారాయి, బియ్యంలోకి కాడ్మియం ఎక్కింది. ఏళ్ళ తరబడి తిన్న ఆడవాళ్ళకి, అందులోనూ ఎక్కువమంది పిల్లల్ని కన్న పెద్దవాళ్ళకి, కిడ్నీలు పాడై ఎముకలు మెత్తబడి, దగ్గితే పక్కటెముక విరిగే స్థితి వచ్చింది. ఇతాయ్ ఇతాయ్ జబ్బు అన్నారు, "నొప్పి, నొప్పి" అని. అది కాలుష్యంవల్ల వచ్చిన జబ్బేనని 1968లో అక్కడి ప్రభుత్వం ఒప్పుకుంది. మనం మూడు పూటలా అన్నం తినేవాళ్ళం కాబట్టి ఆ పాఠం నేను మర్చిపోలేదు.

కోలారు_కోడలు

ఆ నీళ్ళన్నీ శుభ్రం చేయడం కుదరదా అసలు?

నీళ్ళ_శీను

కుదురుతుంది. గోల్డ్ కింగ్ దిగువన గ్లాడ్‌స్టోన్‌లో ఆ 2015 అక్టోబరుకే ప్లాంటు పెట్టారు. డెన్వర్ దగ్గర ఐడహో స్ప్రింగ్స్‌లో ఆర్గో టనెల్ ఉంది, నాలుగు మైళ్ళ పైన పొడుగు, 1910లో పూర్తయింది. దాని నోటి దగ్గర 1998 నుంచి ప్లాంటు నడుస్తోంది. కిందనున్న క్లియర్ క్రీక్ నీళ్ళు గోల్డెన్, వెస్ట్‌మిన్‌స్టర్ లాంటి ఊళ్ళు తాగుతాయి, కిరణ్ గారూ, మీకు తెలిసినవాళ్ళు సగంమంది అక్కడే ఉంటారు. విధానం మన తాతల నాటిదే, సున్నం. సున్నం కలిపితే ఆమ్లం విరిగి లోహాలు ముద్దగా దిగుతాయి. పైతేట వాగులోకి. అంతే.

చిక్కల్లా ఏంటంటే ఆ ముద్ద. రోజూ వస్తుంది, దాన్ని ఎక్కడో దాచాలి, అదీ తడవకుండా. గని ఒక తరం నడిచింది. ఈ సున్నం కలిపే ఉద్యోగం నా మనవలకి కూడా ఉంటుంది.

పల్నాటి_పిల్లోడు

పాపకి టెస్ట్ చేయించాం, రిపోర్ట్ ఇంకా రాలేదు. వాకిట్లో మూడు ట్రాక్టర్ల ఎర్రమట్టి తోలించా. నాన్న డబ్బులు తగలేశావని తిడుతున్నాడు. బోరు నీళ్ళు జిల్లా ల్యాబ్‌కి తీసుకెళ్తే ఫ్లోరైడ్ ఒక్కటే చూస్తామన్నారు, లోహాలకి వేరే చోటికి పంపమన్నారు, పంపా. అమ్మ మాత్రం, "ముప్పై ఏళ్ళు ఆ ఇసకతోనే తోమాను, నాకేమైంది" అంటూనే మిగిలిన డబ్బా ఇసక పెరట్లో గొయ్యి తీసి పూడ్చింది.

డెన్వర్_కిరణ్

తమ్ముడూ, పాప రిపోర్ట్ రాగానే ఇక్కడ పెట్టు.

మాకు ఇంకో చిన్న చిక్కు. ల్యాబుకి ఇవ్వకముందు అత్తగారు ఆ సీసాలోంచి నాలుగు రోజులు తులసి కోటకి పోశారట. ఆ ఆకులు తీర్థంలో వేసుకోవచ్చా అని అడుగుతున్నారు.

నీళ్ళ_శీను

పోసింది కొంచెమే, పెద్ద ప్రమాదం కాదు. కాకపోతే కాడ్మియం మొక్కల్లోకి తేలిగ్గా ఎక్కుతుంది, పైగా రోజూ నోట్లో వేసుకునే ఆకు. మొక్కని తీసి వేళ్ళు కడిగి కొత్త మట్టిలో పెట్టేయండి. పాత ఆకులు వదిలేసి కొత్త చిగుళ్ళు వచ్చాక వాడుకోండి.

డెన్వర్_కిరణ్

పెట్టేశాం. పాత మట్టి ఎక్కడ పారేయాలో తెలీక రెండు కవర్లు చుట్టి గరాజ్‌లో పెట్టా, కాషాయం టవల్స్ పక్కన.

ఫిల్టర్_కాఫీ

వాన తగలకుండా చూసుకోండి.

డెన్వర్_కిరణ్

మా ఆవిడకి చదివి వినిపించా. నవ్వలేదు.